నాలుగుంపావు కోపం

మా జిల్లాలో పన్నెండు మందికి రోజూ సాయంత్రం సరిగ్గా నాలుగుంపావుకి కోపం వచ్చేది. కారణం ఉండేది కాదు. నాలుగున్నర దాటేసరికి అదే తగ్గిపోయేది. ఆ పన్నెండు మందిలో నేనొకణ్ణి. ఆ కోపం అసలు మా అమ్మది. దాన్ని పన్నెండు మందికీ పంచిన ఘనత మా ఆవిడది. తల్లికీ పెళ్ళానికీ మధ్య నలిగే మగాళ్ళు ఊరూరా ఉంటారు గానీ, తల్లి రక్తంలో సంగతులు పెళ్ళాం చేసిన యంత్రం ద్వారా తన ఒంట్లోకి ఎక్కించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

నా పేరు భీమశంకరం. పేరు చూసి మోసపోకండి, నా బరువు యాభై రెండు కిలోలు. కాకినాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పంచాంగాలూ శుభలేఖలూ ఎక్కువగా నా చేతిమీదుగా పోతుంటాయి. నాలుగేళ్ళ కిందట నా తలలోంచి ఒక కంతి తీశారు. దాంతోపాటు అది పట్టుకు వేళ్ళాడుతున్న పీయూష గ్రంథి కూడా పోయింది.

పీయూష గ్రంథి అంటే మెదడు కింద, ముక్కు మొదలుకి వెనకాల, శనగగింజంత ఉంటుంది. ఉండటానికి అంతే గానీ పెత్తనం మాత్రం ఒళ్ళంతా దానిదే. మెడలో ఉన్న థైరాయిడుకీ, మూత్రపిండాల మీద కూర్చున్న ఎడ్రినల్ గ్రంథులకీ, ఇంకా కింద ఉన్నవాటికీ ఎవరు ఎప్పుడు ఎంత పని చెయ్యాలో అదే కబురు పెడుతుంది. పెట్టి ఊరుకోదు. వాళ్ళు చేసిందెంతో రక్తంలో రుచి చూసి, ఎక్కువైతే చాలించమంటుంది, తక్కువైతే కానివ్వమంటుంది. ఇంట్లో మా అమ్మ ఎలాగో ఒంట్లో అదలాగ. అది పోయాక నా తక్కిన గ్రంథులన్నీ అడిగేవాళ్ళు లేరని పడుకున్నాయి.

వాటికి బదులు మాత్రలిచ్చారు. పొద్దున్న ఒకటిన్నర, మధ్యాహ్నం అర, సాయంత్రం పావు. మాత్రలు మంచివే, ప్రాణం నిలబెట్టాయి. కానీ మాత్రకి లోకజ్ఞానం లేదు. ఎండలో తిరిగినా, నీడలో పడుకున్నా, దగ్గరివాళ్ళు పోయి ఏడ్చినా అది ఇచ్చేదే ఇస్తుంది. మా పెదనాన్నగారి మనవరాలి పెళ్ళిలో వడ్డన ఆలస్యమై, పప్పుకీ పులుసుకీ మధ్య నేను విస్తట్లో బోర్లా పడ్డాను. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాను. నా నుదుటిమీద గోంగూర తుడిచిన మా ఆవిడ హైమవతి, ఆ రోజు ఏడవలేదు. "ఈ మాత్రల వల్ల కాదండీ," అంది. ఆవిడ హార్మోన్ల మీద పరిశోధన చేసే డాక్టరు. తన లాబొరేటరీలో అప్పటిదాకా ఎలుకల మంచీ చెడ్డా చూస్తూ ఉండేది.

ఏడాదిన్నరకి నాకూ, నాలాగే గ్రంథి పోయిన ఇంకో పదకొండు మందికీ బిళ్ళ తయారైంది. పాత అర్ధరూపాయంత ఉంటుంది, మెడఎముక కింద అంటించుకోవాలి. అందులో ఉన్నది పీయూష గ్రంథి పంపే కబుర్లే. మూడు నిమిషాలకోసారి రక్తం రుచి చూస్తుంది, ఏ గ్రంథిని లేపాలో లేపుతుంది, దేన్ని జోకొట్టాలో జోకొడుతుంది. జ్వరం వస్తే, దెబ్బ తగిలితే తనే చూసుకుంటుంది. వచ్చిన చిక్కల్లా ఒకటే. మామూలు రోజు ఎలా ఉండాలో దానికి తెలియదు. మొదట పుస్తకాల్లోంచి సగటు మనిషి పట్టిక ఎక్కించారు. ఆ సగటు మనిషి ఎవడో గానీ వాడికి వేసవి లేదు, ఉపవాసం లేదు, పనసపండు కోసిన వాసన లేదు. నెల్లాళ్ళు వాడిలా బతికి, నాకు నామీదే విసుగొచ్చింది.

"బతికున్న మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి ఒళ్ళు నడిచినట్టు బిళ్ళలు నడవాలి," అంది హైమవతి. తన లాబొరేటరీలో అందరికీ పట్టీలు కట్టి చూసింది. ఒకాయన తెల్లవార్లూ మేలుకుంటాడు, ఒకావిడ పొద్దున్న తిండే తినదు, ఇంకొక కుర్రాయన కొత్తగా ప్రేమలో పడ్డాడు, ఆయన గీతల్ని చూసి యంత్రమే ఆగిపోయింది. విసిగిపోయి ఇంటికొచ్చి కూర్చున్న హైమవతికి, వంటింట్లో ఒంటిగంట కొట్టగానే చాప పరుచుకుంటున్న మా అమ్మ కనిపించింది.

మా అమ్మ మాణిక్యాంబగారికి డెబ్బై ఒకటి. బీపీ మాత్రలు వేసుకోమని డాక్టరు రాసిస్తే ఆ చీటీ డబ్బాలో దాచింది, అంతే. నాలుగున్నరకి లేస్తుంది, అయిదుకి కాఫీ, పదకొండుకి భోజనం, ఒంటిగంటకి నలభై నిమిషాల కునుకు. మా పాలాయన తన వాచీ తప్పు చూపిస్తోందేమోనని మా అమ్మనడిగి సరిచేసుకునేవాడు.

"అత్తయ్యగారూ, ఈ పట్టీ చేతికి కట్టుకోవాలి. స్నానానిక్కూడా తియ్యకూడదు," అంది హైమవతి.

"ఏవుందే ఇందులో?"

"మీ ఒంట్లో ఏ హార్మోను ఎప్పుడెంత ఉందో చూసి పన్నెండు మంది బిళ్ళలకి చెబుతుందండి. మీ అబ్బాయితో కలిపి పన్నెండు మంది. వాళ్ళ ఒళ్ళు మీ ఒళ్ళు నడిచినట్టు నడుస్తుంది."

"నేను లేస్తే లేస్తారు, పడుకుంటే పడుకుంటారు. అంతేనా?"

"దాదాపుగా అంతేనండి."

"ఇన్నాళ్ళకి నా మాట వినేవాళ్ళు పన్నెండు మంది దొరికేరు," అని మా అమ్మ చెయ్యి చాపింది.

మొదటి నెల మా పన్నెండు మందికీ పండగే. నాలుగేళ్ళ తరవాత నాకు పొద్దున్నే నిజంగా మెలకువొచ్చింది, నిజంగా ఆకలేసింది. బస్సు కండక్టరు గంగరాజు సంగతి ఇంకా ముచ్చట. మూడేళ్ళ కిందట చేలో రక్తపింజర కరిస్తే ప్రాణం దక్కింది గానీ, విషం లోపల ఈ గ్రంథిని తినేసింది. రెండడుగులు వేస్తే కూలబడేవాడు. ఇప్పుడు మళ్ళీ డ్యూటీ ఎక్కాడు. సంగీతం చెప్పే కామాక్షి టీచరుకి పురుట్లో రక్తం ఎక్కువగా పోయి గ్రంథి ఎండిపోయింది. ఆవిడ గొంతు మళ్ళీ పై షడ్జం అందుకుంది. అందరం పదకొండుకే భోజనం చేసేవాళ్ళం. నేను ప్రెస్సులో ఒంటిగంటకి కునుకు తీస్తుంటే మా ఓనరు, ఇది వైద్యమేనా అని రెండుసార్లు కాగితం అడిగి చూశాడు.

ఆ తరవాత అసలు సంగతి బయటపడింది. నెలాఖరుకి పన్నెండు మందినీ లాబొరేటరీకి పిలిచి హైమవతి కుశలం అడుగుతోంది.

"అంతా బాగానే ఉందండి," అన్నాడు గంగరాజు. "కాకపోతే సాయంత్రం పూట ఓ పావుగంట ఎవరో ఒకరి మీద ఇరుచుకు పడాలనిపిస్తాదండి."

"కండక్టరు కదయ్యా," అన్నాన్నేను.

"అందుకేనండి, బస్సులో ఎవరూ పట్టించుకోలేదు."

కామాక్షి టీచరు తలొంచుకుంది. "నిన్న సాయంత్రం సరళీ స్వరాలు తప్పిందని ఏడేళ్ళ పిల్లని గుమ్మం బయట నిలబెట్టేనండి. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ గొంతు పెంచి ఎరగను."

నేను కూడా ఒప్పుకున్నాను. మొన్న శుభలేఖలో ఒక కామా లేదని కంపోజిటర్ని వంశంతో సహా విమర్శించాను. ఎన్నింటికి అని హైమవతి అడిగింది. నాలుగుంపావుకన్నాను. నాలుగుంపావుకేనన్నారు తక్కినవాళ్ళు. ఆ మాట అంటుండగానే గోడ గడియారంలో నాలుగుంపావైంది.

నా చెవులు వెచ్చబడ్డాయి. ఎదురుగా ఉన్న గంగరాజు మొహం చూస్తే, ఇతని చొక్కాకి ఆ గుండీ ఎందుకలా ఊడిందో అడిగి తీరాలనిపించింది. నేనడిగేలోపే అతను నన్ను, "తమరు కాళ్ళు అడ్డంగా పెట్టుకు కూర్చున్నారేటండీ?" అన్నాడు. "మీకెందుకండీ నా కాళ్ళు?" అన్నాను. కామాక్షి టీచరు లేచి మా ఇద్దరికీ మర్యాద తెలియదంది. మిగతావాళ్ళు ఎవరికి దొరికినవాళ్ళని వాళ్ళు పట్టుకున్నారు. కాకినాడ కాబట్టి ఎవరూ 'గారు' వదల్లేదు, 'అండి' మానలేదు. "తమరికి బుద్ధుందాండీ" అంటే "తమరికి లేదని ఊరంతా చెబుతోందండి" అనుకున్నాం. గోడ మీద తెరపై పన్నెండు గీతలు ఒక్కసారి నిటారుగా లేచాయి. పదమూడోది, మా అమ్మది, వాటికంటే ముందు లేచింది.

హైమవతి తెర వైపు చూసింది, నా వైపు చూసింది. "మీ అమ్మగారు నాలుగుంపావుకి ఏం చేస్తారండీ?"

అంత కోపంలోనూ నాకు తట్టింది. "కుళాయి!" అని అరిచాను.

మా వీధిలో మునిసిపల్ కుళాయి నాలుగుంపావుకి వస్తుంది. అంతసేపు బిందెలతో నిలబడలేక మూడింటికే ఒక్కొక్కరూ ఒక ఇటుకో రాయో వరసలో పెట్టి ఇంటికి పోతారు. ఆ రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. మా అమ్మది విరిగిన సన్నికల్లు ముక్క. ఎదురింటి నూకరత్నంగారిది ఎర్ర ఇటుక. ఇరవై రెండేళ్ళుగా నూకరత్నంగారు వచ్చేసరికి ఆవిడ ఇటుక మా అమ్మ సన్నికల్లుకి వెనకాల ఉండేది. లేకపోతే మా అమ్మ వెళ్ళేసరికి సన్నికల్లు ఇటుకకి వెనకాల ఉండేది. ఎవరు జరిపారన్నది ఇరవై రెండేళ్ళుగా తేలలేదు. రోజూ ఒక పావుగంట ఆ విచారణ జరిగేది.

హైమవతి ఈ సంగతి నివేదికలో రాయక తప్పలేదు. దాన్ని చదివి కొత్త వైద్యాలకి అనుమతిచ్చే బోర్డు నుంచి డాక్టర్ ఇమ్మానియేలుగారు వచ్చారు. మెత్తగా మాట్లాడే మనిషి. "అమ్మా, పన్నెండు మంది రోగులకి రోజూ రక్తపోటు లేపే వైద్యానికి నేను సంతకం ఎలా పెట్టను? నెల టైమిస్తాను. ఈ నాలుగుంపావు గీత తిన్నగా అవ్వాలి. కాకపోతే బిళ్ళలు తీసేసి అందరినీ మాత్రలకి మార్చెయ్యండి," అన్నారు. మాత్రలంటే నాకు విస్తరి గుర్తొచ్చింది. గంగరాజుకి రెండడుగులు గుర్తొచ్చుంటాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ మాట చెప్పడానికి ఇద్దరం గంటసేపు నసిగాం. మా అమ్మ విని, కాసేపు పట్టీ వైపు చూసుకుంది.

"నేను కోప్పడితే వీడి బిళ్ళ తీసేస్తారా?"

"అవునండి అత్తయ్యగారూ."

"అయితే కోప్పడను. అంతేకదా, దానికింత నసుగుడెందుకూ?" అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి నీళ్ళకి నేను వెళ్ళాను. సన్నికల్లు ముక్క పెరట్లోకి చేరింది. రాత్రి ఏడున్నర సీరియల్లో కోడల్ని అత్త తిడుతుంటే అమ్మ ఒంట్లో కార్టిసాల్, అంటే ఒంటిని లేపి నిలబెట్టే హార్మోను, ఎక్కుతోందని అదీ కట్టేశాం. ఆవకాయ ఆపేశాం. ఎవరూ ఆవిడ ఎదట గట్టిగా మాట్లాడొద్దనుకున్నాం. "నేనేవైనా బాలింతనట్రా?" అంది అమ్మ, కానీ అదీ మెత్తగానే అంది.

గీత తిన్నబడింది. హైమవతి తెరముందు కూర్చుని చూసి మురిసిపోయింది. వారం గడిచింది, పది రోజులు గడిచాయి. నాలుగుంపావుకి ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకొక సంగతి కూడా కాలేదు. నాకు పొద్దున్నే మెలకువ రాలేదు. అయిదైంది, ఆరైంది, ఎందుకు లేవాలో తెలియలేదు. చూస్తే వంటింట్లో దీపం లేదు. మా అమ్మ మంచం మీద కూర్చుని కిటికీ వైపు చూస్తోంది.

"కాఫీ పెట్టలేదేమే అమ్మా?"

"పెడతాన్లేరా. తొందరేవుందీ?"

నా జీవితంలో మా అమ్మ నోట ఆ మాట వినలేదు. నాకు భయమెయ్యాల్సింది, కానీ ఆ భయానికి కూడా ఓపిక చాల్లేదు. ప్రెస్సులో ఒక శుభలేఖలో వరుడి పేరుండాల్సిన చోట వధువు తండ్రి పేరు పడితే చూస్తూ ఊరుకున్నాను. నాలుగు వందల కాపీలు అచ్చయ్యాయి. గంగరాజు టిక్కెట్లు కొట్టడం మానేశాడు. "ఎక్కేరు, దిగుతారు, మజ్జిలో మనదేవుందండీ" అన్నాట్ట ఇన్‌స్పెక్టరుతో. కామాక్షి టీచరు పిల్లలు అపస్వరం పాడినా, "అలాగే కానివ్వండమ్మా" అంటోందట. మా పన్నెండు మందినీ ఎవరైనా చూస్తే పరమ శాంతమూర్తులనుకునేవారు.

ఇంట్లో కోపం మిగిలింది హైమవతి ఒక్కదానికే, ఆవిడకి బిళ్ళ లేదు కాబట్టి. నేను అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కుంటుంటే, పళ్ళెం అక్కడ పెట్టి నన్నే చూస్తూ ఉండేది.

నెల నిండింది. ఇమ్మానియేలుగారు మధ్యాహ్నం మూడింటికి వచ్చారు. పదకొండు మంది లాబొరేటరీకి వెళ్ళారు. నాకు లేచి వెళ్ళబుద్ధి కాక ఇంట్లోనే పడుకుంటే, మూడున్నరకి ఫోను మోగింది. హైమవతి.

"ఆయన గీత చూసి చాలా సంతోషించారండీ. ఇంత నిదానమైన రోగుల్ని ఎప్పుడూ చూళ్ళేదంటున్నారు. సంతకానికి పెన్ను తీసేరు," అంది.

"మంచిదే కదా."

"మంచిది కాదండీ. నేనిప్పుడే అత్తయ్యగారి పొద్దుటి గీత చూసేను. తెల్లవారుజామున ఎక్కాల్సిన కార్టిసాల్ సగం కూడా ఎక్కట్లేదు. నాలుగుంపావు కోపం ఒక్కటీ తీసేసేననుకున్నాను. ఆవిడ పొద్దున్న లేచేదే ఆ నాలుగుంపావు కోసం. అది తీసేస్తే ఇంక లేవడానికి ఒంటికి కారణమేవుంది? నేను మీ పన్నెండు మందినీ ఆర్పేస్తున్నానండీ. ముందు ఆవిణ్ణి ఆర్పేను." కాస్త ఆగి, "అత్తయ్యగార్ని కుళాయి దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన్ని నేను గంటసేపు కూర్చోబెడతాను," అంది.

"గీత వంకరైపోతుందే. సంతకం పెట్టరు."

"పెట్టకపోతే పోనీండి. నాకు మీరు విస్తట్లో పడ్డా ఫరవాలేదు, లేపుకుంటాను. ఇలా కళ్ళు తెరుచుకుని పడుకుంటే ఎలా లేపను?"

అది విని నేను లేచి చొక్కా వేసుకున్నాను. మా అమ్మని లేపడానికి పావుగంట పట్టింది. సన్నికల్లు ముక్క నేను మోశాను. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని కుళాయి దగ్గరికి చేరాం. అక్కడ ఆడవాళ్ళున్నారు, బిందెలున్నాయి, ఎర్ర ఇటుక లేదు. రోజూ నీళ్ళకొస్తున్న నాకు ఆ లోటు కంటపడనే లేదు.

"నూకరత్నంగారేరీ?" అంది అమ్మ.

"ఆవిడ మంచం పట్టి మూడు వారాలైందండి," అంది ఒకావిడ. "మీరు రావడం మానేసేక రెండ్రోజులు వచ్చి, ఇటిక పెట్టి, అటూ ఇటూ చూసి ఎల్లిపోయేరు. మరి రాలేదు."

మా అమ్మ నా చెయ్యి వదిలేసింది. తరవాత తిరిగి, ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కని నూకరత్నంగారి అరుగు ఎక్కింది. వాళ్ళ కోడలు తలుపు తీసి మమ్మల్ని చూసి బెదిరిపోయింది. "డాక్టర్లు ఏం లేదంటన్నారండి. ఏదీ తినట్లేదు. ఏం తోచట్లేదంటాదండి, అంతే," అంది.

నూకరత్నంగారు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఆవిడకి బిళ్ళా లేదు, పట్టీ లేదు. అయినా మా అమ్మకి వచ్చిన జబ్బే వచ్చింది. మా అమ్మ మంచం పక్కన నిలబడింది.

"నూకరత్నంగారూ, మీ ఇటుక జరిపేది నేనేనండి."

మా అమ్మ ఇంకాస్త ముందుకి వంగింది.

"ఇరవై రెండేళ్ళుగా నేనే. మూడుంపావుకి వచ్చి జరిపి వెళ్ళేదాన్ని. మీరడిగినప్పుడల్లా అబద్ధం చెప్పేను."

నూకరత్నంగారు నెమ్మదిగా ఇటు తిరిగారు. "నాకు తెలుసండి," అన్నారు. "మా కిటికీలోంచి కనపడేదండి. తమరు ఎల్లేక మూడున్నరకి నేనొచ్చి సద్దుకునేదాన్ని."

మా అమ్మకి కాస్త సేపు పట్టింది. "సద్దుకోవటవంటే? అంటే నా సన్నికల్లు వెనక్కి నెట్టింది మీరేనన్నమాట!"

"ముందు నెట్టిందెవరండీ?"

"రోజూ కాదండీ నేను! వారానికి మూడ్రోజులు!"

"నాలుగండి! కార్తీకమాసంలో ఏడూనండి! పూజలు చేసుకుని మరీ వచ్చి నెట్టేవోరు!"

"నా పూజల జోలికి రాకండి చెబుతున్నాను!"

నూకరత్నంగారు లేచి కూర్చున్నారు. జుట్టు ముడేసుకున్నారు. కోడలు బిక్కమొహం వేసి నా వైపు చూసింది. నా చెవులు వెచ్చబడటం మొదలైంది. నెల్లాళ్ళ తరవాత ఒళ్ళంతా ఎవరో దీపాలు వెలిగించుకుంటూ వస్తున్నట్టుంది. నాకు ఒక్కసారిగా ఆ నాలుగు వందల శుభలేఖలు గుర్తొచ్చాయి. "అయ్యో నా చేతులు పడిపోనూ, వధువు తండ్రినే వరుణ్ణి చేశానే!" అని గట్టిగా అరిచాను. వాళ్ళిద్దరూ ఒక్క క్షణం ఆగి, "నువ్వూరుకోరా" అని ఒకరూ, "తవరూరుకోండి బాబూ" అని ఒకరూ అని, మళ్ళీ అందుకున్నారు.

లాబొరేటరీలో జరిగింది హైమవతి తరవాత చెప్పింది. నాలుగుంపావు దాటింది, నాలుగున్నర దాటింది. ఇమ్మానియేలుగారు మర్యాదకి ఇంక లేస్తానన్నారు. నాలుగూ ముప్ఫై ఎనిమిదికి కామాక్షి టీచరు తలెత్తి, గోడ మీద ఫ్యాను శ్రుతి తప్పి మోగుతోందంది. గంగరాజు లేచి ఇమ్మానియేలుగారి దగ్గరికెళ్ళి, "డాక్టరుగారూ, తమరు గంట నుంచి రెండు కుర్చీలు ఆక్రమించేరండి. బ్యాగుకి టిక్కెట్టు తీసేరా?" అన్నాడు. తక్కినవాళ్ళు కాఫీ చల్లారిపోయిందని ఒకరూ, అసలిది కాఫీయేనా అని ఒకరూ లేచారు. ఇమ్మానియేలుగారు తెర మీద లేచిన గీతల్నీ, నెల్లాళ్ళుగా పాలిపోయి ఉన్న ఆ మొహాల్లో ఎక్కిన రంగునీ మార్చి మార్చి చూశారు. ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. హైమవతి కళ్ళు మూసుకుంది.

మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఆయన మా వీధికొచ్చారు. కుళాయి దగ్గర పావుగంట నిలబడ్డారు. మా అమ్మ ఆయన్ని కూడా పక్కకి జరగమంది, వరసకి అడ్డంగా ఉన్నారని. ఇంట్లో కాఫీ తాగుతూ ఆయన హైమవతితో, "రక్తపోటు చూసి తిన్నగీత అడిగేనమ్మా. దించడానికి మందుంది, లేపడానికే లేదు," అన్నారు. మా అమ్మ బీపీ మాత్రలు వేసుకోవాలనీ, ఆ గీత ఇంత ఎత్తు దాటకూడదనీ షరతులు రాసి అనుమతి మీద సంతకం పెట్టారు. ఆఖరి షరతు ఇంకా నాకు కంఠతా వచ్చు. 'ఆధారవ్యక్తి దైనందిన అలవాట్లకు ఎవరూ అడ్డురాకూడదు. వరుసలోని ఇటుకను, రాతిని ఆ ఇద్దరు తప్ప మరెవరూ కదపరాదు.' ఆ కాగితానికి ప్రూఫు నేనే చూశాను, ఒక్క తప్పు కూడా లేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అమ్మ అడిగింది. "ఏవే హైమా, నేను పోతే వీళ్ళేవైపోతారు?"

"ఇంకొకళ్ళని వెతుకుతున్నానండి. ఏడాదైనా పడుతుంది."

మా అమ్మ లేచి డబ్బాలోంచి ఆ పాత చీటీ తీసి నా చేతిలో పెట్టింది. "రేపు తీసుకురా. పన్నెండు మంది నా ప్రాణానికి వేళ్ళాడుతుంటే ఏం చేస్తాను," అంది. నూకరత్నంగారికి ఈ సంగతి తెలిసి, "మాత్ర ఏసుకున్నారాండీ?" అని రోజూ కుళాయి దగ్గర మొదటి ప్రశ్న అదే అడిగేవారు. ఆ తరవాత ఇటుక సంగతికొచ్చేవారు.

అంతా కుదురుకుందనుకునేసరికి, ఆషాఢంలో మునిసిపాలిటీవాళ్ళు మా వీధి తవ్వారు. ఇంటింటికీ గొట్టాలు వేశారు, ఇరవై నాలుగు గంటలూ నీళ్ళన్నారు. వీధంతా పండగ చేసుకుంది. మా పన్నెండు మందికి మాత్రం గుండెల్లో రాయి పడింది. వీధి కుళాయి కట్టేసే రోజు పొద్దుట్నుంచీ ఫోన్లే. "ఇంక వరసుండదేటండీ?" అన్నాడు గంగరాజు దిగులుగా. కొత్త మనిషిని వెతకడానికి హైమవతికి ఇంకా నెలలు పడుతుంది. నేను ప్రెస్సుకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

మూడైంది. మా అమ్మ పెరట్లో కుళాయి తిప్పి, ధారగా పడుతున్న నీళ్ళ వైపు కాసేపు చూసి, కట్టేసింది. షరతు ప్రకారం ఎవరూ అడ్డురాకూడదు, వెళ్ళమని చెప్పనూ కూడదు. నాలుగైంది. నాలుగుంపావైంది. నాకేమీ కాలేదు. అలమారలో ఉన్న పాత మాత్రల సీసా కళ్ళముందు ఆడింది.

నాలుగూ ఇరవైకి మా అమ్మ ఖాళీ బిందె చంకనెత్తుకుంది. సన్నికల్లు ముక్క చేత్తో పట్టుకుంది. నా వైపు చూడకుండా గుమ్మం దిగింది.

నేను అరుగు మీదికొచ్చి చూశాను. చుక్క నీళ్ళు రాని వీధి కుళాయి కింద ఎర్ర ఇటుక ఉంది. పక్కనే ఖాళీ బిందెతో నూకరత్నంగారున్నారు.

"అయిదు నిమిషాలు లేటండి," అన్నారావిడ.

"నా చోట్లో మీ ఇటుకేవిటండీ?"

"ఏ చోటండీ? నేను మూడింటికే వచ్చి పెట్టేను!"

"నీళ్ళే రాని కుళాయికి మూడింటికి వస్తారుటండీ ఎవరైనా!"

"నీళ్ళు రాపోతే వరస లేదేటండీ?"

నా చెవులు వెచ్చబడ్డాయి. జేబులో ఫోను మోగింది. గంగరాజు. బస్సు చప్పుడులో, "వచ్చేసిందండి! ఇప్పుడే వచ్చేసిందండి!" అని అరుస్తున్నాడు.

"డ్యూటీలో ఫోనేవిటయ్యా నీకు, బుద్ధి లేదూ!" అని నేనూ అరిచాను. అరుస్తుంటే కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. కోపం మా అమ్మది గానీ, ఆ నీళ్ళు మాత్రం నావే.